నీళ్ళ తోడు

స్టీలు టిఫిన్ డబ్బాలో తోడు పెట్టుకుని సైదమ్మ బస్సు దిగింది. చూసేవాళ్ళకు అది పెరుగన్నం డబ్బా. లోపల ఉన్నది మాత్రం యూనివర్సిటీ ప్రయోగశాలలో ఆమె ఏళ్ళకేళ్ళు గంజి పోసి సాకి, చచ్చినవి పారేసి, బతికినవి ఏరి పెంచుకున్న సూక్ష్మజీవుల మంద.

గడపలో నిలబడ్డ అక్క ఈదమ్మ ఆ డబ్బా వైపు చూసింది.

"పట్నం నుంచి పెరుగన్నం మోసుకొచ్చినవా? మాకు బర్రె లేదనుకున్నవా?"

"తినేది కాదక్కా. నీళ్ళల్ల వేసేది."

"నీళ్ళల్ల వెయ్యనీకి ఇంకేం మిగిలిందే, కంపెనీవాడు వేసింది చాలదా?"

ఈదమ్మ సోమన్నగూడెం సర్పంచ్. గుట్టకు అవతల యురేనియం గని ఉంది. తవ్విన రాయిని పిండి చేసి, కడిగి, ఆ బురదను కట్ట పోసి నిలబెట్టారు. నిలబెడితే నిలబడుతుందా? భూమిలోకి ఇంకింది, దారి వెతుక్కుంది, గుట్టకు ఇవతలి ఊటలో కలిసింది. ఆ ఊట నుంచే ఊరి ట్యాంకుకు నీళ్ళు. రంగు మారలేదు, వాసన రాలేదు. ఆ నీళ్ళతో పప్పు ఉడుకుతుంది, చాయ్ మరుగుతుంది, మనుషుల మూత్రపిండాలు లోపల్లోపల చితికిపోతాయి. అది చాలనట్టు కంపెనీ ఇప్పుడు ఇవతలి గుట్టనే అడుగుతోంది. ఊట పుట్టే గుట్టను. గ్రామసభ వద్దంది. తాగునీటికి ముప్పు కాబట్టి వద్దని తీర్మానం రాసింది. సెక్రటరీ చేత ఆ మాట రాయించి కింద సంతకం పెట్టింది ఈదమ్మే.

"నీ తీర్మానం పైదాక పోయి రావాలె. అందాక ఈ పిల్ల ఏం తాగాలె?" అని సైదమ్మ వాకిట్లో ఆడుతున్న పాపను చూపించింది.

ఆ పాప ఈదమ్మ కొడుకు యాదయ్య కూతురు. యాదయ్య లారీ మీద పోతే వారాలకు గానీ రాడు. కోడలు మల్లీశ్వరి ముచ్చటపడి మోక్షిత అని పేరు పెట్టుకుంది. ఈదమ్మకు నోరు తిరగక మోచ్చిత అంటుంది. "మోచ్చితా" అంటే చాలు, ఎక్కడున్నా పాప పరిగెత్తుకొస్తుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగైనా చూడదు.

ఆ సాయంత్రం సైదమ్మ వాడకట్టు ఆడవాళ్ళందరినీ వాకిట్లో కూర్చోబెట్టింది. ట్యాంకు నీళ్ళలో ఒక కాగితం ముక్క ముంచి తీసింది. కాగితం ఎర్రబడింది.

"ఎరుపెక్కితే విషమున్నట్టు. ఇగ చూడుర్రి. పాలకు తోడేసినట్టే. బిందెడు నీళ్ళకు ఇంత గంజి, ఒక చెంచ తోడు. తెల్లారేసరికి ఇవి విషమంతా తిని అడుక్కు కూసుంటయి."

పక్కింటి బాలమణి అందుకుంది. "తిని కూసునేటాయన మా ఇంట్ల గూడ ఉన్నడు. విషమొక్కటే తినడు."

అందరూ నవ్వారు. సైదమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే అసలు మాట చెప్పింది. "మీద తేరిన నీళ్ళు ఒంపుకోని తాగుర్రి. అడుగుకు నల్లగ, చిక్కటి గంజి లెక్క ఉంటది సూడు, అది మనుషులెవ్వరు నోట్లె పెట్టొద్దు. రేపటికి ఒక చెంచ తోడు ఉంచుకోని మిగిలింది ఈ డ్రమ్ముల వొయ్యాలె. మా బండొచ్చి తీసుకపోతది."

పొద్దున బిందె మీది నీళ్ళలో కాగితం ముంచితే తెల్లగానే ఉండిపోయింది. మల్లీశ్వరి ఆ నీళ్ళే ఒక గ్లాసు పాపకు తాగించి, తను తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "సిన్నత్తా, నీ కడుపు సల్లగుండ" అంది.

తోడు ఇల్లిల్లూ తిరిగింది. పెరుగు తోడు అడిగినట్టే గిన్నె పట్టుకుని వచ్చారు, చెంచాడు పట్టుకుపోయారు. ఎవరి బిందెలోనైనా విరిగిపోతే పక్కింటికి వెళ్ళి మళ్ళీ తెచ్చుకున్నారు. ఎవరూ నేర్పక్కర లేకపోయింది. ఇంత పెద్ద సైన్సు అంత సులువుగా ఒక ఊళ్ళోకి ఎన్నడూ దిగి ఉండదు.

డ్రమ్ము నిండింది. బండి రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఆ నల్లటి అడుగులో ఉన్నది యురేనియం. దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవాలంటే అనుమతి కావాలి. సైదమ్మ అడిగింది, మళ్ళీ అడిగింది, వాళ్ళ ఆచార్యుల చేత అడిగించింది. గుట్టలకు గుట్టలు లారీల్లో పోతుంటే అడ్డం రాని చట్టం ఒక్క డ్రమ్ము బురదకు అడ్డం వచ్చింది. "ఒచ్చే వారం తప్పకుండ ఒస్తది అక్కా" అని ఆమె ఫోన్లో ప్రతి వారం చెప్పింది.

* * *

బడి ఆవరణలో షామియానా వేసి కంపెనీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పెద్ద అధికారి నెమ్మదస్తుడు. గొంతు పెంచడు, అందరినీ గారూ అంటాడు. ఇలాంటివాళ్ళతోనే ఎక్కువ భయం.

"సర్పంచ్ గారూ, మీ అభ్యంతరం తాగునీటి గురించే కదా?"

"అవును సార్."

"ఇప్పుడు మీ ఇంట్లో నీళ్ళు ఎలా తాగుతున్నారు?"

ఈదమ్మకు ఆ ప్రశ్న ఎటు పోతోందో అర్థమైంది. అర్థమయ్యేసరికే ఆలస్యమైంది. "తోడేసి తాగుతున్నం" అంది.

కంపెనీ నిపుణుడు లేచాడు. సోమన్నగూడెంలో ఒక ఇంటి నుంచి ఆ ఉదయమే తెప్పించిన నీళ్ళను గ్లాసులో పోసి, కాగితం ముంచి, తెల్లటి కాగితాన్ని అందరికీ తిప్పి తిప్పి చూపించాడు. ఆ నీళ్ళు గటగటా తాగేశాడు.

"ఇది చేసింది ఎవరో విదేశీయులు కాదు. ఈ ఊరి ఆడబిడ్డ. మనందరికీ గర్వకారణం. గని తవ్వే ప్రతి ఊరికీ ఈ తోడు మా కంపెనీ ఉచితంగా ఇస్తుంది. ఇక తాగునీటికి ముప్పు ఎక్కడుంది?"

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఊరి ఆడబిడ్డను మెచ్చుకుంటే కొట్టకుండా ఎలా ఉంటారు? సైదమ్మ ఆ వెనకనే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

అధికారి కాగితాలు సర్దుకుంటూ అన్నాడు. "మళ్ళీ గ్రామసభ పెట్టుకోండి. వేరే కారణం ఉంటే తీర్మానంలో రాయండి. లేకపోతే మీ అభ్యంతరం తీరినట్టే."

ఈదమ్మ ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచి చెల్లెలి వైపు తిరిగింది.

"నా నోరు ముయ్యనీకి కంపెనీవాడు పైసలిచ్చినా కాకపోయేది. నువ్వు చెంచతోని మూసినవ్."

"ఏం జెయ్యమంటవ్? పిల్లకు విషం తాపుకుంట తీర్మానాలు రాసుకుందామా?"

"నీళ్ళు చెడ్డయంటేనే గదనే గుట్ట ఆగేది."

"అంటే నీళ్ళు చెడ్డగనే ఉండాల్నా?"

మల్లీశ్వరి వచ్చి ఇద్దరి మధ్యా రెండు గ్లాసుల చాయ్ పెట్టింది. "చల్లారిపోతది, తాగుర్రి" అంది. చిక్కటి గేదెపాల చాయ్. సైదమ్మకు ఆ ఇంటి చాయ్ అంటే ప్రాణం. కోపంలో ముట్టకుండానే బస్సుకు పోయింది.

* * *

"అత్తా, పిల్ల మొఖం ఉబ్బినట్టు లేదూ?" అని మల్లీశ్వరి అడిగినప్పుడు ఈదమ్మ, "నిద్ర ఎక్కువైతే అట్లనే ఉంటది" అంది. తర్వాత పాదాలు ఉబ్బాయి. ఆ తర్వాత పాప ఉచ్చ పోయడం తగ్గిపోయింది. జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, మళ్ళీ చూసి, "మీరు ఏ నీళ్ళు తాగుతారు?" అని అడిగింది.

మూత్రపిండాలు పోతున్నాయి. యురేనియం ముందు కొరికేది వాటినే.

సైదమ్మ పట్నం నుంచి తిన్నగా ఊరికి వచ్చింది. ఇంట్లో బిందెలు, కడవలు, వంటగదిలో చెంబు, దేవుడి దగ్గర కలశం అన్నిట్లో కాగితం ముంచింది. అన్నీ తెలుపే. బియ్యం కడిగిన నీళ్ళు చూసింది. తెలుపే. తోడు తప్పు చేయలేదు. మరి పిల్ల ఒంట్లోకి విషం ఏ దారిన వచ్చింది?

ఆసుపత్రికి బట్టలు తీసుకుపోదామని ఇంటికి వచ్చిన ఈదమ్మ గుంజకు ఆనుకుని చెల్లెలి వెతుకులాట చూస్తోంది.

"అక్కా, బండి రాలే గద. డ్రమ్ము నిండినంక అడుగు ఏం జేస్తున్నవ్?"

"నువ్వు జెప్పినట్టే. మనుషులం ఒక్కలం గూడ ముట్టలే. మోచ్చితను ఆ దిక్కుకే పోనియ్యలే."

"మరి యాడ వోస్తున్నవ్?"

"యాడ వోస్తరే, కుడిదిల వోసిన."

పెరట్లో కుడితి గోలెం ఉంది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన సద్ది, అన్నీ అందులోకే పోతాయి. మనిషి తిననిది గేదె తింటుంది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వాడకట్టులో గంజి వాసన వచ్చేదాన్ని మట్టిపాలు చేసే ఆడది ఎవరూ లేరు. సైదమ్మ వెళ్ళి గోలెంలోకి తొంగి చూసింది.

"మన ఇంటి అడుగొక్కటేనా?"

"బర్రెలు లేనోళ్ళందరు మన దాంట్లెనే వోస్తరు గద, నీకు తెల్వదా? బాలమణి వోస్తది. అవతలి రెండిండ్లోళ్ళు వోస్తరు. ఏమైందే? ఏమైందో చెప్పు."

వాడకట్టు బిందెలన్నిటి అడుగూ ఒక్క గోలెంలోకి. గోలెం ఒక్క గేదె కడుపులోకి. ఆ పాలు పూటపూటా ఒక్క పిల్ల గ్లాసులోకి. పెద్దవాళ్ళు చాయ్‌లో చెంచాడు పోసుకుని మిగిలిందంతా పిల్లకే పోశారు. బలమని పోశారు.

"నేను గీ ఇంట్లనే పుట్టిన" అంది సైదమ్మ. "గీ గోలెం పక్కపొంటి కూసోని చదువుకున్న. తోడుకు గంజి మేతేద్దామని నేనే అనుకున్న. గంజి యాడికి పోతదో నాకు తెల్వదా అక్కా? మనుషులు ముట్టొద్దన్న. బర్రె నాకు యాదికి రాలే."

* * *

ఈదమ్మ కూల్‌డ్రింకు సీసాలో పాలు పట్టుకుని చెల్లెలి వెంట మొదటిసారి ప్రయోగశాలకు పోయింది. తెల్లటి గది, చల్లటి గాలి, అరలు అరలుగా గాజు గొట్టాలు. గొట్టం గొట్టంలోనూ గంజి, అడుగున నల్లటి గీత.

సైదమ్మ పాలలో కాగితం ముంచింది. ట్యాంకు నీళ్ళలో వచ్చిన ఎరుపు దీని ముందు గులాబీ రంగు. ఇది కోసిన కాలేయం రంగు.

"నీళ్ళల్ల అడుక్కు కూసున్నయి" అని ఆమె తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది. "బర్రె కడుపుల వెచ్చగుంటది. పులిసిన గడ్డి ఉంటది. వాటికి దావతే. ఆడ కొత్త పని నేర్చినయి. తిన్నదాన్ని మళ్ళ కరిగించి, కొవ్వు చుట్టి, పాలకు తోలినయి. గీ సంగతి మేం ఎన్నడు చూడలే. గాజు గొట్టంల బర్రె ఉండదు గద."

"ఇగ దీనికి మందేది?"

సైదమ్మ తలుపు దిక్కు చూసింది. ఆ గది నిండా తెలివి ఉంది. మందు లేదు.

"నన్ను తిట్టక్కా" అంది.

"నిన్ను తిడితే నన్నెవరు తిట్టాలె" అని ఈదమ్మ బెంచీ మీద కూలబడింది.

ఆ సాయంత్రానికి ఊళ్ళో గోలేలన్నీ బోర్లించారు, గేదెల పాలు ఆపించారు. మిగతా పిల్లల రక్తం తీశారు. ఇద్దరు ముగ్గురికి కాస్త సోకింది, మందులతో నిలబడ్డారు. మోక్షిత నిలబడలేదు. ఆసుపత్రి మంచం మీద, మధ్యాహ్నం పూట, సెలైను సీసా సగం ఉండగానే పోయింది. అమ్మా అని ఒకసారి అంది. ఈదమ్మ "మోచ్చితా, మోచ్చితా" అని పిలుస్తూనే ఉంది. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా పిలిచింది.

యాదయ్య ఎక్కడో సరుకు దించుతూ వార్త విని వచ్చాడు. బిడ్డను మట్టిలో పెట్టాడు, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

బాలమణి గడప దాటి లోపలికి రాలేదు. బయటే చతికిలబడింది. "గీ చేతులతోనే వోసిన వదినా. రోజు వోసిన. మీ పిల్లకు పాలు మంచిగొస్తయని సంబురంగ వోసిన." ఈదమ్మ వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

పెద్దకర్మ అయ్యీ కాకముందే కంపెనీ నిపుణుడు వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు, చేతులు కట్టుకున్నాడు, చాలా బాధాకరమన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక పాత్ర తీశాడు. అడుగు దానంతటదే ఒక అరలో పడి తాళం పడిపోయే పాత్ర. ఇక ఎవరూ పొరపాటున కూడా తీయలేరట.

"వాడే పద్ధతి తెలియకపోవడం వల్ల జరిగింది. మనం శిక్షణ ఇద్దాం. మీ పాప పేరే పెడదాం ఈ కార్యక్రమానికి."

ఈదమ్మ ఆ పాత్రను చేతిలోకి తీసుకుని, మూత తిప్పి చూసింది. మంచి పాత్ర. బాగా చేశారు. తిరిగి అతని చేతిలో పెట్టింది.

"పో నాయినా" అంది.

* * *

గ్రామసభకు ఊరంతా వచ్చింది. అధికారి కూడా వచ్చాడు. మల్లీశ్వరి రాలేదు.

సెక్రటరీ కలం తీసి, "వ్యతిరేకిస్తున్నామని రాస్తున్నానమ్మా. కారణం?" అని అడిగాడు.

"మోక్షిత పేరు రాయుర్రి" అని వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు. "అంతకన్న కారణమేం కావాలె?" అవునవునని చాలామంది అన్నారు.

"రాయకు" అంది ఈదమ్మ.

జనం ఆమె వైపు తిరిగారు.

"నా మనుమరాలి పేరు రాస్తే దానికొక మూత జేసి తెస్తరు. తెచ్చిన్రు గూడ. నేను చూసిన, మంచిగుంది. నీళ్ళని రాసినం, నీళ్ళకు తోడొచ్చింది. తోడుకు మూతొచ్చింది. రేపు పంటలని రాస్తే పంటలకేదో తెస్తరు, ఊపిరని రాస్తే ముక్కుకేదో కడతరు. మనం కారణం చెప్పినకొద్ది వాళ్ళ పని సులువైతది."

అధికారి సైదమ్మ వైపు తిరిగాడు. "మేడమ్, మీరు శాస్త్రవేత్త. మీరే చెప్పండి. ఈ కొత్త పాత్రతో ఇక ప్రమాదం లేదు కదా?"

సైదమ్మ లేచింది. అబద్ధం చెప్తే ఆ పూటకు అక్క గెలుస్తుంది. అది ఆమెకూ తెలుసు, ఈదమ్మకూ తెలుసు.

"లేదు సార్. పోయినసారి జరిగింది మళ్ళ జరగదు." అధికారి వైపు సూటిగా చూసింది. "ఈసారి జరిగేదేందో నాకు తెల్వదు. పోయినసారి గూడ తెల్వలే. తెలిసేసరికి ఒక పిల్ల పోయింది. రేపటిదానికి మీరు ఎవరి పిల్లను పెడతరో చెప్తే, నేను సంతకం పెడత."

సైదమ్మ కూర్చోబోయి, కూర్చోలేక, అలాగే నిలబడిపోయింది. ఆ ఉదయమే ఆమె ప్రయోగశాలలోని గొట్టాలన్నీ ఉడకబెట్టి, తోడును చంపేసి వచ్చింది. ఊళ్ళో ఇంకా వాళ్ళ వాళ్ళ బిందెల్లో బతికే ఉంది. దాన్ని తీసేసే హక్కు ఆమెకు లేదు. తీస్తే మళ్ళీ తాగేది ఆ ట్యాంకు నీళ్ళే.

"కారణం లేకుండా పైన తీసుకోరమ్మా" అన్నాడు సెక్రటరీ నెమ్మదిగా. అతనిదీ ఆ పక్క ఊరే.

"తీసుకోకపోతే తీసుకోకపోని. గుట్ట మాది, ఊట మాది. మా ఇంటికొచ్చి పిల్లనడిగితే ఇయ్యం అంటం. ఎందుకియ్యవని అడిగేటోడు ఉంటడా? వద్దని రాయి. ఒక్క మాటే రాయి."

సెక్రటరీ రాశాడు. చేతులు లేచాయి. చప్పట్లు కొట్టినవాళ్ళ చేతులు కూడా లేచాయి. అధికారి ఆ ఒక్క మాట ఉన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. దానికి ఎదురు ఏం చెప్పాలో వెతుక్కుంటున్నవాడిలా చూసి, జేబులో పెట్టుకుని జీపెక్కాడు.

ఆ మాట గుట్టను ఆపుతుందో లేదో ఆ రోజు ఎవరికీ తెలియదు. కుర్రాళ్ళు మాత్రం గెలిచామని డప్పు కొట్టబోయి, ఈదమ్మను చూసి ఆపేశారు.

ఆమె ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. దండెం మీద మల్లీశ్వరి చీరలు లేవు. ఈదమ్మ రోడ్డు మీదికి నడిచింది. బస్సు ఆగే చోట మల్లీశ్వరి సంచి పక్కన పెట్టుకుని, ఎండకు కొంగు కప్పుకుని నిలబడి ఉంది. అత్తను చూసి ముఖం తిప్పుకోలేదు. పలకరించనూ లేదు.

గెలిచినమే అనబోయింది ఈదమ్మ. ఆ మాట నోట్లోనే చచ్చిపోయింది. పక్కన నిలబడి అడిగింది.

"మీ అమ్మగారింట్ల నీళ్ళు యాడియి బిడ్డా?"

"వాగు ఊటయి."

"ఆ దిక్కు గనులు గినులు?"

"ఏం లేవత్తా."

"మంచిగుంటయా?"

"మంచిగుంటయి. తీపుంటయి."

బస్సు వచ్చింది. ఎవ్వరూ ఊరు విడిచి పోవద్దని, పోతే గుట్ట కంపెనీదవుతుందని, ఏళ్ళ తరబడి ఇంటింటికీ తిరిగి చెప్పిన మనిషి వంగి, కోడలి సంచి ఎత్తి, తన చేత్తోనే బస్సులో పెట్టింది.

"ఆడనే ఉండు బిడ్డా" అంది. "మళ్ళ రాకు."